క్రమమూ సమాచారమే

ఒక జాబితాను ఏ వరుసలో ఉంచాలన్న ప్రశ్న మన పూర్వులకు కొత్తది కాదు. అమరసింహుడు తన కోశాన్ని మూడు కాండలుగా, విషయానుసారం వర్గాలుగా కూర్చాడు. కంఠస్థం చేసే విద్యార్థికి ఆ కూర్పు అనుకూలం. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ అకారాది క్రమాన్ని అనుసరించింది. తెలియని పదానికి అర్థం వెతుక్కునేవానికి అది అనుకూలం. రెండింటిలోనూ ఉన్నవి పదాలే. వరుస మారగా ఉపయోగం మారింది. కంప్యూటరులో టెక్స్ట్ ఫైలును చదివి, అందులోని వివరాలను దాచడానికి తగిన దత్తాంశ నిర్మాణాన్ని ఎంచుకునేవారి ఎదుట ఉన్నదీ ఈ ప్రశ్నే. ప్రోగ్రాము నేర్చుకునేవారు వేగానికి ఇచ్చినంత విలువ వరుసకు ఇవ్వకపోవడం విచారకరం.

వరుసకుగల ప్రాధాన్యం తెలియాలంటే బొగ్గుగనిని చూడాలి. మంచిర్యాల జిల్లాలోని కాసిపేట సింగరేణి గనుల ప్రాంతం. భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు మస్టరు పడి, ల్యాంపు రూములో టోపీ దీపం తీసుకుంటాడు. మస్టరులో పేర్లు వచ్చినవారు వచ్చినట్లుగా చేరుతాయి. దీపాలు మాత్రం నంబరు వరుసలో ఉంటాయి; ఏ దీపం ఎవరికి ఇచ్చారో రాసి ఉంటుంది. షిఫ్టు ముగిశాక ఒక గూడు ఖాళీగా కనిపిస్తే, ఆ నంబరు మనిషి ఇంకా పైకి రాలేదేమోనని వెంటనే విచారించాలి. ఏ క్షణాన చూసినా భూగర్భంలో ఉన్నవారి పేర్లు తెలిసేలా రిజిస్టరు ఉండాలని 1952 నాటి గనుల చట్టం విధించింది. ఇక్కడ జాబితా అంటే మనిషి ప్రాణం.

ఇటువంటి వివరాలే పంక్తికొకటి చొప్పున ఒక ఫైలులో ఉన్నాయనుకోవచ్చు. జావా భాషలో వాటిని దాచడానికి మూడు తీరుల పాత్రలున్నాయి. హాష్‌మ్యాప్ పేరును బట్టి స్థానాన్ని గణించి నేరుగా అక్కడికే పోతుంది. వరుసను గురించి ఏ హామీ ఇవ్వదు. లింక్డ్‌హాష్‌మ్యాప్ చేర్చిన వరుసను కాపాడుతుంది. ట్రీమ్యాప్ ఎప్పటికప్పుడు పోల్చి, క్రమబద్ధంగా అమరుస్తుంది. పైథాన్‌లోని డిక్షనరీ, పేరు నిఘంటువుదే అయినా, అకారాదిగా ఉండదు. 2018లో వచ్చిన 3.7వ రూపం నుండి చేర్చిన వరుసను నిలుపుతుందని ఆ భాష హామీ ఇచ్చింది.

క్రమబద్ధంగా ఉంచడానికి అయ్యే శ్రమ పెద్దదని కొందరు వెనుదీస్తారు. వరుసగా పేర్చిన 65,000 పేర్లలో సగం సగం విడదీస్తూ వెతికితే 16 పోలికలకు మించి పట్టదు. 200 నుండి 300 వరకుగల నంబర్లు కావాలన్నా, ‘రా’తో మొదలయ్యే పేర్లు కావాలన్నా క్రమబద్ధమైన అమరికే అక్కరకు వస్తుంది. కాబట్టి భయపడవలసింది శ్రమకు కాదు, అనాలోచితంగా పేర్చడానికి. మస్టరు ఫైలును చదువుతూనే అకారాదిగా మార్చి, మూలాన్ని చెరిపివేసినవాడు ఎవరి వెనుక ఎవరు దిగారన్న సంగతిని పోగొడతాడు. పంక్తిలో వేళ రాసి ఉందిగదా అనవచ్చు. ఒకే నిమిషంలో దిగిన పదిమంది వరుసను ఆ వేళ తిరిగి ఇవ్వలేదు.

అంకెల విషయంలో మరొక చిక్కు ఉంది. ఫైలులోని నంబరును అంకెగా మార్చక అక్షరాలుగానే పోలిస్తే 9 కంటె 10 ముందుకు వస్తుంది. దీపాల వరుస అక్కడే చెదురుతుంది.

తెలుగు పేర్లయితే జాగ్రత్త ఇంకా అవసరం. యంత్రం పోల్చేది అక్షరాలకు యూనికోడ్ ఇచ్చిన సంఖ్యలను. ఆ సంఖ్యల వరుసలో ‘ళ’ వెంటనే ‘ల’ తరువాత వస్తుంది. బడిలో నేర్చిన వర్ణమాలలో ‘హ’ తరువాత వస్తుంది. కల, కళ, కవ అని యంత్రం పేర్చినవాటిని పిల్లవాడు కల, కవ, కళ అని పేరుస్తాడు. అచ్చులలోని ‘ౠ’ యంత్రానికి హల్లులన్నిటి తరువాతిది. బడి వర్ణమాల చివర ఒక అక్షరంగా కూర్చునే ‘క్ష’ యంత్రానికి క, పొల్లు, ష అనే మూడు గుర్తుల కూర్పు. అందువల్ల అది ‘కౌ’ తరువాత చేరుతుంది. ట్రీమ్యాప్‌కు ఏ వరుసలో పోల్చాలో వేరుగా చెప్పే వీలుంది. ఆ వరుసను నిర్ణయించవలసినవారు తెలుగు చదివినవారే. ఆ పనిని యంత్రం తయారుచేసినవారికి వదిలివేయడం తగదు.