ఉమ్మడి జాబితా చట్టాలపై రాష్ట్రాలను సంప్రదించాలని కోరుతూ తీర్మానం

(న్యాయవాదుల సంఘం సర్వసభ్య సమావేశం ఆమోదించినది)

భారతదేశం రాష్ట్రాల కూటమి అని రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతోంది. 246వ అధికరణం, ఏడవ షెడ్యూలు శాసనాధికారాన్ని కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి అనే మూడు జాబితాలుగా పంచాయి. రాష్ట్ర శాసనసభకు ఉన్న అధికారం రాజ్యాంగం ఇచ్చినది, కేంద్రం దయ చూపి ఇచ్చినది కాదు. సమాఖ్య స్వభావం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఉమ్మడి జాబితా అంశంపై కేంద్ర, రాష్ట్ర చట్టాలు పరస్పరం విరుద్ధమైతే 254వ అధికరణం ప్రకారం కేంద్ర చట్టమే చెల్లుతుంది. రాష్ట్రపతి ఆమోదం పొందితే రాష్ట్ర చట్టం ఆ రాష్ట్రం వరకు నిలుస్తుంది. కానీ ఆ ఆమోదానికి రాజ్యాంగంలో గడువు లేదు. 1976లో 42వ సవరణ విద్యను, అడవులను కూడా ఉమ్మడి జాబితాలోకి మార్చడంతో 254వ అధికరణం పరిధి మరింత విస్తరించింది.

చట్టం ఢిల్లీలో తయారైనా అమలు భారం రాష్ట్రానిదే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలే ఇందుకు నిదర్శనం. శిక్షాస్మృతి ఉమ్మడి జాబితాలో ఉంది, పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది. సోదాలను వీడియో తీయాలన్నా, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలన్నా సిబ్బందిని, పరికరాలను రాష్ట్రమే సమకూర్చుకోవాలి. మోసేవారిని అడగకుండా బరువు నిర్ణయించడం సమాఖ్య ధర్మం కాదు. ఉమ్మడి జాబితా అంశాలపై చట్టం చేసే ముందు రాష్ట్రాలను సంప్రదించాలని 1988లోనే కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై సర్కారియా కమిషన్ సిఫారసు చేసింది.

కావున ఈ సమావేశం ఇలా తీర్మానిస్తోంది:

1. ఉమ్మడి జాబితా అంశంపై బిల్లు ప్రవేశపెట్టే ముందు కేంద్రం ముసాయిదాను రాష్ట్రాలకు పంపి, తగిన వ్యవధి ఇచ్చి, వచ్చిన అభిప్రాయాలను పార్లమెంటు ముందుంచాలి.

2. 263వ అధికరణం కింద 1990లో ఏర్పాటైన అంతర్రాష్ట్ర మండలిని క్రమం తప్పకుండా సమావేశపరచి, ఇలాంటి బిల్లులను అక్కడ చర్చించాలి.

3. అమలుకు రాష్ట్రాలపై పడే ఖర్చును, అందులో కేంద్రం భరించే వాటాను బిల్లుతోపాటే ప్రకటించాలి.

4. రాష్ట్రపతి పరిశీలనకు పంపిన రాష్ట్ర బిల్లులపై నిర్ణయానికి గడువు విధిస్తూ రాజ్యాంగాన్ని సవరించాలి.

5. మన రాష్ట్ర ప్రభుత్వం తనకు అందిన ముసాయిదాలను శాసనసభలో చర్చకు పెట్టి, గడువులోగా సమాధానమివ్వాలి.

ఈ తీర్మానం ప్రతులను కేంద్ర న్యాయ శాఖకు, రాష్ట్ర ముఖ్యమంత్రికి, రాష్ట్రానికి చెందిన పార్లమెంటు సభ్యులందరికీ పంపాలని కార్యవర్గాన్ని ఆదేశిస్తోంది.

ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.