రెండు మిల్లీమీటర్ల పట్టీ

కాలేజీ రోజుల్లో నాకో ఆర్‌ఎక్స్‌-100 ఉండేది. సెకండ్‌ హ్యాండే అనుకోండి. దానికి ఒకసారి బోరు వేయించాల్సి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ 'పిస్టన్‌ మంచిదే వేద్దాం, రింగులు లోకల్‌వి చాల్లే బాబూ' అన్నాడు. నాకూ మిగిలే మూడొందల మీదే ఆశ. సరేనన్నా. పనిలో పనిగా ఆ డబ్బుతో ట్యాంకుకి రంగు వేయించా. నాలుగు నెలలు తిరక్కుండానే ఏలూరు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఇంజిన్‌ పట్టేసింది. ట్యాంకు రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది!

మొన్నామధ్య డాలస్‌ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్‌ చేసినప్పుడు అదంతా గుర్తొచ్చింది. వాడిదీ ఆర్‌ఎక్సే. కాకపోతే మాజ్డా ఆర్‌ఎక్స్‌-7, 1993 మోడల్‌. ట్విన్‌ టర్బో రోటరీ ఇంజిన్‌. మోజుపడి కొనుక్కున్నాడు. ఒకసారి ఇంజిన్‌ పోతే ఓ గ్యారేజీకి ఇచ్చి బాగు చేయించాడు. ఏడాది తిరిగేలోపు మళ్లీ పోయింది. ఇప్పుడు ఇల్లు కొనడానికి దాచిన దాంట్లోంచి కొంత తీసి, తనే విప్పి బిగించుకుంటానంటున్నాడు.

'ఇదే ఆఖరిసారి అన్నయ్యా. ఈసారీ పోతే బండి అమ్మేస్తానని నీ మరదలికి మాటిచ్చా.'

వెనకాలే వాట్సాప్‌లో ఓ చాంతాడంత జాబితా పంపాడు. రోటర్లకు సిరామిక్‌ పూత, బేరింగులకు పూత, మానిఫోల్డుకు పూత, టర్బోకు పూత, బయటి ఇనప ప్లేట్లకు రంగు పూత... మొత్తం బడ్జెట్‌లో సగం పూతలకే. బండ్ల గురించి రాస్తుంటాను కాబట్టి నాకన్నీ తెలుసని వాడి నమ్మకం. ఆ నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టంలేక నాలుగు రాత్రులు చదివాను, తెలిసిన నలుగురినీ అడిగాను.

ఇంతకీ ఈ రోటరీ ఇంజిన్‌లో పిస్టన్లుండవు. వాల్వులూ ఉండవు. నడుం దగ్గర కాస్త నొక్కినట్టుండే డబ్బాలో ఓ ఉబ్బిన త్రిభుజం... లావుపాటి సమోసా అనుకోండి... గిరగిరా తిరుగుతుంటుంది. అదే రోటర్‌. అది ఒక చుట్టు తిరిగేసరికి మధ్యలోని షాఫ్ట్‌ మూడు చుట్లు తిరుగుతుంది. ఆర్‌ఎక్స్‌-7లోని 13బి ఇంజిన్‌లో ఇలాంటి రోటర్లు రెండు. ఒక్కోటి 654 సీసీ. రెండూ కలిపితే 1.3 లీటర్లే. అంత చిన్న ఇంజిన్‌తోనే స్పోర్ట్స్‌ కార్ల సరసన నిలబడింది.

సమోసా మూడు కొసల్లోనూ ఒక్కో లోహపు పట్టీ ఉంటుంది. పేరు అపెక్స్‌ సీలు. పొడవు 80 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. మంటను పక్క గదిలోకి పోకుండా ఆపేది అదే. మన బండిలో పిస్టన్‌ రింగు చేసే పని. అది విరిగితే కథ ముగిసినట్టే. ముక్క హౌసింగ్‌ గోడను గీరుకుంటూ పోయి, ఎగ్జాస్ట్‌లోంచి బయటపడి టర్బో రెక్కల్ని కూడా కొడుతుంది. రెండు మిల్లీమీటర్ల పట్టీ పోతే ఇంజినూ, టర్బో రెండూ పోతాయన్నమాట.

ఈ పట్టీ ఇవాళ కొత్తగా ఏడిపించడం లేదు. జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1967లో రో-80 అనే కారు తెచ్చింది. సీళ్లు అరిగి, వారంటీ కింద ఇంజిన్లు మార్చీ మార్చీ కుదేలైంది. 1969లో ఫోక్స్‌వ్యాగన్‌ చేతిలోకి వెళ్లిపోయింది. హిరోషిమాలో మాజ్డా ఇంజినీర్లకు హౌసింగ్‌ గోడల మీద అలలు అలలుగా గీతలు కనిపించేవి. వాటికి 'దెయ్యం గోళ్ల గీతలు' అని పేరు పెట్టుకున్నారు. కెనిచి యమమోటో బృందం కార్బన్‌లోకి అల్యూమినియం ఎక్కించిన సీళ్లతో గండం గట్టెక్కి, 1967లో కాస్మో స్పోర్ట్‌ను రోడ్డెక్కించింది. 1991లో లె మాన్స్‌ 24 గంటల రేసు గెలిచిన 787బి కారులో వాడినవి సిరామిక్‌ సీళ్లు.

'అయితే సిరామిక్కే వేసేద్దామా?' అన్నాడు మావాడు.

అక్కడే చిక్కు. సిరామిక్‌ తేలిక, నునుపు, హౌసింగ్‌ను తక్కువ అరగదీస్తుంది. కానీ నాకింగ్‌ మొదలైతే పగిలిపోతుంది. కంపెనీవి గట్టివి, ఎక్కువకాలం మన్నుతాయి. కాకపోతే ఇనుము కాబట్టి గట్టిగా దెబ్బ తగిలితే అవీ ముక్కలవుతాయి. బయట కంపెనీలు చేసే స్టీలు సీళ్లు కొన్ని దెబ్బకు విరగవు, వంగుతాయి. టర్బో బతుకుతుంది. దానికి బదులుగా కొన్ని తొందరగా అరుగుతాయి, కొన్ని హౌసింగ్‌ను అరగదీస్తాయి. అంటే... అన్ని మంచి గుణాలూ ఉన్న సీలు లేదు. పెళ్లి సంబంధాల్లోలాగా దేన్ని సర్దుకోగలమో చూసుకోవాలంతే. రోజూ ఆఫీసుకీ, వారాంతం సరదాకీ తిప్పే బండికి, బూస్ట్‌ హద్దులో ఉంచుకుంటే, కంపెనీ సీళ్లే చాలన్నది నా లెక్క.

అసలు సీలు ఎందుకు విరుగుతుంది? ఇది అడక్కుండా పూతల గురించి మాట్లాడటం దండగ. చాలాసార్లు తప్పు సీలుది కాదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే నాకింగ్‌ వస్తుంది. ఈ కారుకు కంపెనీ ఇచ్చిన బూస్ట్‌ సుమారు 10 పీఎస్‌ఐ. శబ్దం బాగుంటుందని వెడల్పాటి సైలెన్సర్‌ వేస్తే బూస్ట్‌ దానంతటదే పెరిగిపోతుంది. పాత పంపు, పాత ఇంజెక్టర్లు అంత పెట్రోలు అందించలేవు. ఒక్క క్షణం చాలు. మావాడి బండికి అలాంటి సైలెన్సరే ఉంది! గ్యారేజీవాళ్లు ఇంజిన్‌ బాగు చేశారు గానీ, అది పోవడానికి కారణాన్ని అలాగే ఉంచి పంపారు.

రెండో శత్రువు వేడి. రోటరీ ఎగ్జాస్ట్‌ మామూలు ఇంజిన్‌ కంటే వేడిగా ఉంటుంది. బానెట్‌ కింద చోటు తక్కువ. రబ్బరు గొట్టాలు పెళుసుబారతాయి. కూలెంట్‌లో గాలి వేరుచేసే ప్లాస్టిక్‌ డబ్బా ఈ కారులో పేరుమోసిన బలహీనత. అది పగిలితే నీళ్లు పోతాయి, వెనకాలే ఇంజిన్‌. దాని స్థానంలో అల్యూమినియంది వేసుకుంటారు తెలిసినవాళ్లు. లోపలి నీటి సీళ్లు వేడికి గట్టిపడితే కూలెంట్‌ మంట గదిలోకి కారి, పొద్దున స్టార్ట్‌ చేయగానే తెల్లటి పొగ. అందుకే రబ్బరు సీళ్లు, స్ప్రింగులు పాతవి తుడిచి వాడకూడదు. అన్నీ కొత్తవే.

ఇక పూతలు. మానిఫోల్డుకూ, టర్బో వేడి వైపు భాగానికీ సిరామిక్‌ పూతంటే సరే. వేడి బానెట్‌ కింద పరుచుకోకుండా చూస్తుంది. బేరింగుల పూత తప్పేం కాదు, కాకపోతే పూత కూడా మందమే కాబట్టి వేశాక ఖాళీ మళ్లీ కొలవాలి. రోటర్‌ ముఖం మీద పూత దగ్గర మాత్రం అనుభవజ్ఞులే రెండుగా చీలిపోయారు. రోటర్లోకి వేడి తక్కువ పోతుందని కొందరు. ఊడితే ఆ పొట్టు పోయేది సీళ్ల గాడిలోకే కదా అని కొందరు. నేను రెండో పార్టీ. బయటి ప్లేట్లకు రంగంటారా? నా ట్యాంకు సంగతి చెప్పాను కదా.

అసలైన పూత కంపెనీ ఎప్పుడో వేసేసింది. హౌసింగ్‌ లోపలి గోడ మీది క్రోమియం. పిస్టన్‌ ఇంజిన్‌ అరిగితే బోరు వేసి పెద్ద పిస్టన్‌ పెడతాం. ఇక్కడ ఆ వీల్లేదు. పెద్ద సైజు రోటర్‌ అంటూ దొరకదు. క్రోమియం ఊడిందంటే హౌసింగే మార్చాలి. పక్క ప్లేట్లదీ అదే తంతు. వాటి పైపొర నైట్రైడింగ్‌తో గట్టిపరిచింది. చదునుగా ఉంటుందని ఎక్కువ అరగదీయిస్తే ఆ పొర పోతుంది. రోటర్‌ మార్చాల్సివస్తే దానిమీద ఏ నుంచి ఇ వరకూ ఉండే బరువు అక్షరం కూడా చూసుకోవాలి.

ఆయిలు దగ్గర మాత్రం నా ఆర్‌ఎక్స్‌-100 పనికొచ్చింది. రోటరీలో సీళ్లకు కొద్దికొద్దిగా ఆయిలు అందించే పంపు ఉంటుంది. దానితోపాటు పెట్రోల్లో టూ-స్ట్రోక్‌ ఆయిలు కూడా కలుపుకుంటారు చాలామంది. 'మన 2టీ ఆయిలేరా' అంటే వాడు నమ్మలేదు. బంకులో కొలపాత్రతో పోయించుకున్న రోజులు వాడు చూళ్లేదు పాపం.

చివరికి జాబితాలోంచి రోటర్‌ పూత, ప్లేట్ల రంగు కొట్టేశాం. ఆ డబ్బుతో పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, పెద్ద రేడియేటర్‌, ట్యూనింగ్‌ ఖర్చు రాసుకున్నాం. కంప్రెషన్‌ కూడా మామూలు గేజితో చూసి మురిసిపోవద్దని చెప్పా. అది మూడు ముఖాల్లో బలమైనదాన్నే చూపిస్తుంది, కుంటిదాన్ని దాచేస్తుంది. రోటరీకి వేరే మీటరుంది.

నిన్న రాత్రి ఫొటో పంపాడు. టార్చి వెలుగులో వెనక హౌసింగ్‌. స్పార్క్‌ప్లగ్‌ రంధ్రం పక్కన, సరిగ్గా సీలు తిరిగే దారిలో, గోరంత మేర క్రోమియం లేచిపోయి ఉంది.

'ఇది పర్లేదంటావా అన్నయ్యా?'

'పర్లేదు కాదు. కొత్తది కొను' అన్నా.

ధర చెప్పాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

'అయితే నీ మరదలికి నువ్వే చెప్పు' అని ఫోన్‌ ఆమెకిచ్చేశాడు.