నిర్మాణ సాధనాల ఎంపిక: ఒక విన్నపం

కంప్యూటరు తెరపై తెలుగు ఒత్తు తన హల్లు కింద సరిగా ఒదగడానికీ, ఉర్దూ నస్తాలీఖ్ పంక్తి కుడి నుండి ఎడమకు ఏటవాలుగా దిగడానికీ అనేక చోట్ల ఒకే సాఫ్ట్‌వేర్ తోడ్పడుతున్నది. దాని పేరు హార్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ వీటన్నింటి లోపల అది ఉన్నది. ఉర్దూ చదివిన మన మిత్రులకు ఆ పేరు కొత్తగా తోచదు. హర్ఫ్ అనగా అక్షరం. బాజ్ అనగా ఫార్సీలో తెరచి ఉన్నది. ఓపెన్‌టైప్ అన్న మాటనే ఫార్సీలోకి మార్చుకొన్నారన్నమాట. రెండు భాషలు ఒకే ప్రాంగణంలో చదువుకొనే కళాశాలకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఆ సాఫ్ట్‌వేర్ అక్షరాలను ఎట్లా కూర్చుతుందన్నది ఇక్కడ మా విషయం కాదు. దాని సోర్స్ కోడ్‌ను తెచ్చుకొన్న విద్యార్థి తన యంత్రంపై దానిని పనిచేసే రూపంలోకి ఎట్లా తేగలడన్నది మా ప్రశ్న. ఏ ఫైలును ముందు కంపైల్ చేయాలి, ఏ లైబ్రరీలు కావాలి, విండోస్‌లో ఏమి, లినక్స్‌లో ఏమి అని నిర్ణయించే సాధనాన్ని బిల్డ్ సిస్టమ్ అంటున్నారు. అది సరిగా లేనప్పుడు కోడ్ అందరికీ ఉచితమని చాటడం, దినుసులన్నీ పంచిపెట్టి పొయ్యి మాత్రం మా ఇంట్లోనే ఉన్నదని చెప్పడం వంటిది.

ఈ సాధనాలలో ఆదిపురుషుడనదగిన మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించారు. మారిన ఫైలు ఏదో చూచి, దానిపై ఆధారపడిన వాటిని మాత్రమే మళ్లీ కంపైల్ చేయడం దాని సూత్రం. ఆ సూత్రం నేటికీ చెక్కుచెదరలేదు. అయితే ఆజ్ఞ గల ప్రతి పంక్తీ ట్యాబ్‌తోనే మొదలు కావాలన్న నియమం ఒకటి అందులో ఉన్నది. కంటికి ట్యాబ్, ఖాళీలు ఒకే రీతిగా కనిపిస్తాయి. దీనిని దిద్దే వేళకు ఆయన సాధనాన్ని వాడేవారు డజను మంది వరకు ఏర్పడ్డారు. వారికి ఇబ్బంది కలిగించడం ఇష్టం లేక ఆయన విడిచిపెట్టారు. ఆ పన్నెండుగురి పట్ల మొగమాటం అర్ధ శతాబ్దిగా విద్యార్థులను ఏడిపిస్తున్నది!

1991లో డేవిడ్ మెకెంజీ ప్రారంభించిన ఆటోకాన్ఫ్, రకరకాల యూనిక్స్ యంత్రాల భేదాలను పరీక్షించి తెలుసుకొనే స్క్రిప్టును పుట్టిస్తుంది. ఆనాటికి అది మహోపకారమే. కాని అది యూనిక్స్ షెల్‌ను ఆశ్రయించి బతికేది. విండోస్ యంత్రం గల విద్యార్థి ముందుగా ఆ వాతావరణాన్ని తెచ్చిపెట్టుకొంటే గాని పని మొదలు కాదు. పైగా పుట్టిన స్క్రిప్టు వేల పంక్తులుగా ఉంటుంది. దానిని ఆసాంతం చదివేవారు అరుదు.

చదవకపోతే ఏమి కాగలదో 2024 మార్చిలో లోకమంతా చూచింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 విడుదలలలో ఎవరో దొంగదారి అమర్చారు. దానిని లోనికి రప్పించే మార్గం నిర్మాణపు స్క్రిప్టులలో దాగి ఉన్నది. విడుదల చేసిన మూటలోని ఒక ఎమ్4 ఫైలులో ఆ మెలిక ఉన్నది. అందరూ చూచే గిట్ భాండారంలో అది లేదు. ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి అర సెకను అధికంగా పడుతున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కూపీ లాగాడు కనుక బయటపడింది. కోడ్ అంతా తెరచి ఉన్నప్పటికీ, ఎవరి చూపూ పడని మూల ఒకటి మిగిలిపోయిందన్నమాట. అందుచేత సాధనం వేగం కన్న, దాని ఫైలును రెండవ సంవత్సరం విద్యార్థి చదివి అర్థం చేసుకోగలడా అన్నదే మొదట చూడవలసి ఉన్నదని మా అభిప్రాయం.

ఈ దృష్టితో చూస్తే నేడు ఎన్నదగినవి ముఖ్యంగా రెండు. సీమేక్ 2000 ప్రాంతంలో కిట్‌వేర్ సంస్థలో, వైద్య చిత్రాలను విశ్లేషించే ఒక లైబ్రరీ కోసం రూపొందింది. విజువల్ స్టూడియో వారికి, ఎక్స్‌కోడ్ వారికి, మేక్ వారికి ఎవరికి కావలసిన రూపం వారికి అది వండి పెడుతుంది. 2006లో కేడీఈ బృందం, మొదట స్కాన్స్ అనే సాధనాన్ని ప్రయత్నించి, తుదకు దీనినే స్వీకరించింది. దీని భాష అందమైనదని మాత్రం మేము అనలేము. ఫిన్లాండ్ దేశీయుడు యుస్సీ పక్కనెన్ 2013లో వెలువరించిన మెసాన్ దీనికంటె చదువరికి దగ్గరగా ఉంటుంది. అందులో సొంత ఫంక్షన్లు వ్రాసుకొనే వీలు లేదు. కావాలనే లేకుండా చేశారు. లోపంగా తోచే ఆ కట్టుబాటు వల్లనే ఫైలు చదవదగినదిగా నిలుస్తున్నది. అది పనిచేయడానికి పైథాన్ ఉండి తీరాలన్నది నిజమైన ఇబ్బందే. మన ప్రయోగశాలలలో పైథాన్ ఎటూ నేర్పుతున్నాము కనుక దానిని భరించవచ్చును.

హార్ఫ్‌బజ్ కథ ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక దశలో అందులో ఆటోటూల్స్, సీమేక్, మెసాన్ మూడింటి ఫైళ్లూ పక్కపక్కనే ఉండేవి. మూడింటినీ పనిచేయించడమే ఒక పనిగా ఉండేది. తరువాత మెసాన్‌ను ప్రధానం చేశారు. అంతకన్న ముచ్చటైనది మరొకటి కలదు. కోడ్ మొత్తాన్ని తనలో కలుపుకొనే ఒకే ఒక ఫైలును వారు ఉంచారు; దానిని కంపైలర్‌కు ఇస్తే చాలు, లైబ్రరీ సిద్ధమవుతుంది. ఏ సాధనమూ లేనివాడు కూడా గుమ్మం బయట నిలువనక్కర లేదు.

ఏ సాధనమైతేనేమి, ప్రోగ్రాము నడిస్తే చాలదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వ్రాసినవాని యంత్రంపై అది నడుస్తుంది, సందేహం లేదు. పెద్దక్షరంతో పేరు పెట్టిన ఫైలును చిన్నక్షరంతో పిలిచినా విండోస్ మన్నిస్తుంది, లినక్స్ మన్నించదు. ఒకే ఎడిటర్‌కు చెందిన ప్రాజెక్టు ఫైలు ఆ ఎడిటర్ లేనివానికి కొరగాదు. ఇట్టి కారణాల చేతనే ఎన్నో విద్యార్థి ప్రాజెక్టులు మౌఖిక పరీక్ష ముగిసిన మరునాడే బీరువా చేరుతున్నవి. వాటిలో నిఘంటువులు ఉన్నవి, ఉర్దూ తెలుగు లిప్యంతరీకరణ ప్రయత్నాలు ఉన్నవి. తరువాతి తరగతి వారు వాటిని అందుకొని పెంచవలసినది పోయి, మళ్లీ మొదటినుండి వ్రాస్తున్నారు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ప్రాజెక్టు మూల్యాంకనంలో పది మార్కులు వేరుగా ఉంచవలెను. ప్రాజెక్టుతో సంబంధం లేని మరొక విద్యార్థి, విండోస్‌పై ఒకసారి, లినక్స్‌పై ఒకసారి, గిట్ నుండి కోడ్ తెచ్చుకొని, రీడ్‌మీలోని ఆజ్ఞలను మాత్రమే అనుసరించి దానిని నిర్మించి చూపవలెను. వ్రాసినవారు ఆ సమయంలో గది బయట ఉండవలెను.