కాలువ గట్టున ఉండి క్యాను కొనుక్కోవడమా?

కొత్తపేటలో ఎటు నడిచినా నీళ్లే. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో కాలువలు, బోదెలు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ కోనసీమ పచ్చగానే ఉంది. మరి మన గుమ్మాల్లో ఇరవై లీటర్ల క్యాన్లు ఎందుకు దిగుతున్నాయి?

చేలకు పనికొచ్చే నీరు వేరు, చంటిపిల్లాడి గ్లాసులో పోసే నీరు వేరు. కాలువలో గేదెలూ, బట్టలూ, ఊరి మురుగూ అన్నీ కలుస్తాయి. వేసవిలో కాలువ కట్టేస్తే, ముందుగా చెరువులో నింపుకున్న నీళ్లే గతి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పన. 2022 జూలై వరదల్లో లంక గ్రామాలను గోదావరి చుట్టుముట్టినప్పుడు, తాగే నీళ్లు పడవల మీద పంపాల్సి వచ్చింది!

మన అమ్మమ్మలు బిందెలో పటిక తిప్పేవారు. దానితో మట్టి దిగుతుందిగానీ క్రిములన్నీ చావవు. ఇప్పుడు క్యాను నీళ్లు తియ్యగా ఉన్నాయని నమ్మేస్తున్నాం. క్యాను సరిగ్గా కడిగారా, ఎన్నాళ్లు ఎండలో ఉంచారు, ఎవరు చూశారు? మీటరు ముంచి చూపించే టీడీఎస్ అంకె నీళ్లలో కరిగిన లవణాల సంగతే చెబుతుంది, క్రిముల సంగతి చెప్పదు. కంటికి తేటగా కనిపించే బోరు నీళ్లే కదా, నల్గొండ జిల్లాలో ఫ్లోరైడుతో ఎందరి ఎముకలనో వంచేసింది!

సురక్షితమైన తాగునీరు మానవహక్కని ఐక్యరాజ్యసమితి 2010 జూలై 28న తీర్మానించింది. అయినా 2022 లెక్కల్లో ప్రపంచంలో 220 కోట్ల మందికి ఇంటి దగ్గర అలాంటి నీరు లేదు. నీళ్లు బయటి నుంచి తెచ్చుకోవలసిన ఇళ్లలో పదింట ఏడింట ఆ బిందె మోసేది ఆడవాళ్లే. మోసేది మనమే, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే రాత్రంతా మేలుకునేదీ మనమే. నీళ్లు ఎలాంటివో తేల్చే పని మాత్రం మనది కాదనుకుంటాం, ఎందుకో!

2019లో మొదలైన జలజీవన్ మిషన్‌లో ఇంటింటికీ కుళాయి సంగతి అందరికీ తెలుసు. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలన్న సంగతి ఎందరికి తెలుసు? కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది మన దేశపు ప్రమాణం. కొంచెం వాసన రాగానే మూతి ముడుస్తాం. క్లోరిన్ బొత్తిగా లేనప్పుడే అసలు భయపడాలి.

అందాకా క్రిముల వరకూ కాచి చల్లార్చిన నీళ్లు నయం. ఉప్పు, ఫ్లోరైడు మాత్రం కాచినా పోవు. గ్యాసు ఖర్చంటారా, క్యాను ఊరికే వస్తోందా?

ఈసారి గ్రామసభకు వెళ్లి, ఆ ఐదుగురి పేర్లు చదవమనండి. పేర్లుంటే, కిట్టు ఎక్కడుందో, ఆఖరుసారి ఎప్పుడు తీశారో అడగండి.