శివారు గది

ఇంగ్లండులో ఇళ్ళను వెచ్చబరిచే పద్ధతి ఎరగనివారి కోసం రెండు మాటలు. ఇంట్లో ఒక మూల బాయిలర్ గ్యాసుతో నీటిని కాస్తుంది. పంపు ఆ నీటిని గొట్టాల వెంట గదిగదికీ తోస్తుంది. గోడలకు బిగించిన రేడియేటర్లలో పారి, వేడిని గదికిచ్చి, ఆ నీరు తిరిగి బాయిలర్‌కు చేరుతుంది.

కిందటి శీతాకాలం నాన్నగారు మా దగ్గరకు వచ్చారు. మేడమీద చివరి గది ఆయనకిచ్చాము. తక్కిన గదులు ఇరవై నిమిషాల్లో వెచ్చబడితే, ఆ గది రేడియేటర్ గంట గడిచినా గోరువెచ్చన దాటేది కాదు. ఆయన ఒక్కమాట అనలేదు. ఒక తెల్లవారుజామున రెండు శాలువాలు కప్పుకుని మంచం మీద ముడుచుకుని కూర్చోవడం చూసి నాకే సిగ్గు వేసింది.

వచ్చిన పనివాడు ఐదు నిమిషాల్లో తేల్చేశాడు: రేడియేటర్ మార్చాలి, అవసరమైతే పంపు కూడా. సరేననబోయి ఆగాను.

రోగమేదో తెలియకుండా మందు వేయరాదని నా అభిప్రాయం. రేడియేటర్‌ను జాగ్రత్తగా తాకి చూస్తే చాలావరకు అదే చెబుతుంది. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. హీటింగ్ ఆపి, చల్లారాక, పై మూలనున్న మరను చిన్న తాళంచెవితో కాస్త తిప్పితే గాలి బుస్సుమని పోతుంది. నీరు కనబడగానే బిగించి, బాయిలర్ మీద పీడనం తగ్గిందేమో చూసుకోవాలి. పైన వేడిగా ఉండి కింద నడుమ భాగం చల్లగా ఉంటే తుప్పు నల్లటి బురదై పేరుకున్నట్టు, కడిగించాలి. థర్మోస్టాట్ వాల్వు తల విప్పి చూస్తే, లోపలి సన్నని పుల్ల నొక్కితే దిగి, వదిలితే లేవాలి. లేవకపోతే ఇరుక్కుందన్నమాట.

మా రేడియేటర్‌కు ఇవేవీ లేవు. తక్కినవన్నీ కట్టేసి దానినొక్కదానినే తెరిచి చూశాను. పావుగంటలో చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయింది! లోపం దానిలో లేదు, దాని వంతు నీరు దానికి అందడం లేదు.

నాన్నగారు గొట్టాల దారి అడిగి తెలుసుకుని నవ్వారు. "ఇది మన కాలువేరా. ఎగువ తూములన్నీ బార్లా తెరిచి ఉంటే శివారు చేలకు నీరెలా దిగుతుంది?" ఆయన రేపల్లె దిగువన, కృష్ణా కాలువ చివర సేద్యం చేసిన మనిషి.

ప్రతి రేడియేటర్‌కూ రెండో కొసన మూత కింద ఒక వాల్వు ఉంటుంది. చివరి గదిది పూర్తిగా తెరిచి, బాయిలర్‌కు దగ్గరవి కొద్దికొద్దిగా దించుతూ వచ్చాము. ఎన్ని చుట్లు తిప్పామో కాగితం మీద రాసుకున్నాము. ఒక ఆదివారమంతా పట్టింది. పెన్నీ ఖర్చు కాలేదు.

బాయిలర్ వేడి పెంచడమో, పంపు వేగం పెంచడమో అందరికీ ముందుగా తోచే ఉపాయం. దానివల్ల ఎక్కువ లాభపడేది మళ్ళీ ఎగువవారే. పైగా ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్లు పొగలోని ఆవిరి వేడిని కూడా రాబట్టుకోవాలంటే తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉండాలి. దగ్గరి రేడియేటర్లలోంచి వేడినీరు వేడిగానే వెనక్కి పరుగెత్తితే గ్యాసు దండగ. అందని వాణ్ణి మార్చే ముందు పంపకం సరిగా ఉందో లేదో చూడడం న్యాయమే కాదు, పొదుపు కూడా.

ఆ రాత్రి నాన్నగారు శాలువా తీసి కుర్చీ మీద వేశారు. పడుకోబోతూ అన్నారు: "కింద మనవరాలి తూము మరీ దించావేమో, ఒకసారి చూసి రా."