మంజీరా ఒడ్డున ఒక దస్తర్‌ఖాన్ కావాలి

పోయిన వారం మా రాయికోడ్ అంగడిలో చాయ్ తాగుతుంటే వరసకు చిచ్చా అయ్యే ఒక పెద్దమనిషి పక్కన వచ్చి కూర్చున్నాడు. అద్రక్ పండిస్తాడు. భావ్ బాగుంటే బస్తాలు హైదరాబాద్ పంపుతాడు, లేకపోతే బీదర్ మండీకి. "సర్హద్ ఎక్కడుంది చిచ్చా, నీకు అడ్డం రాదా?" అని నవ్వుతూ అడిగాను. "సర్హద్ ఆద్మియాఁ కూ హై బేటా, అద్రక్ కూ నై" అన్నాడు. సరిహద్దు మనుషులకే గానీ అల్లానికి లేదట.

మజాక్‌గా అన్నాడేమో గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే వారం మా రిష్తేదారుల ఇంట్లో ఇంకో కథ విన్నాను. అమ్మాయిది బీదర్. నిఖా అయి మా వైపు వచ్చి మూడేళ్లు. డిగ్రీ ఉంది, బీఎడ్ ఉంది, ఉర్దూ చక్కగా చెప్పగలదు. ఇక్కడ ఉద్యోగానికి దర్ఖాస్తు పెట్టుకోబోతే ఒక దఫ్తర్‌లో "నువ్వు నాన్ లోకల్ అమ్మా" అన్నారు. చదువు అక్కడిది కాబట్టి ఇక్కడ లోకల్ కాదు. బీసీ సర్టిఫికెట్ కూడా అక్కడిదే, ఇక్కడ చెల్లదు. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి బీసీ-ఈ, అక్కడ వాళ్లకు 2-బి. ఆమె అన్న మాట ఒకటే: "భాయ్, నేను పరాయి ముల్క్ నుంచి వచ్చానా? మా అమ్మీ ఇంటి నుంచి పొద్దున బయలుదేరితే జొహర్‌కి ఇక్కడ ఉంటాను."

అద్రక్ దాటిన సర్హద్‌ను ఈ అమ్మాయి దాటలేకపోయింది. ఈ బ్లాగ్ చదివే ఖాందాన్లలో ఇలాంటి బహూలు, బేటీలు ఎందరో ఉంటారు. కాబట్టి ఇది ఒక ఇంటి గొడవ కాదని నా మనవి.

కొంచెం తారీఖ్ చెప్పుకుందాం. 1956 నవంబర్ 1 దాకా ఇదంతా ఒకే రియాసత్, హైదరాబాద్ స్టేట్. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేవి. ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ కూడా బీదర్ జిల్లావే. రాష్ట్రాల పునర్విభజనతో బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్‌కు వచ్చాయి. ఉద్గీర్ వైపు ముంబయి రాష్ట్రానికి, ఆ తర్వాత మహారాష్ట్రకు పోయింది. బీదర్ పట్నం మైసూరు రాష్ట్రంలో, అంటే నేటి కర్ణాటకలో కలిసింది. జబాన్ ప్రకారం గీసిన గీత అది. తెలుగు, కన్నడ, మరాఠీ మాట్లాడేవాళ్లకు వాళ్ల రాష్ట్రాలు రావడం హక్కే, దాని మీద నాకు షికాయత్ లేదు. కానీ మూడు వైపులా ఉర్దూ మాట్లాడుతూ, మూడు వైపులా రిష్తాలు కలుపుకునే మనలాంటి వాళ్లు ఆ గీత మీదే నిలబడిపోయారు. లంబాడీలు, మూడు జబాన్లలో సౌదా చేసే చిన్న తాజిర్లు, చెరకు కొట్టడానికి వలస పోయే మజ్దూర్లు కూడా అంతే.

ఇప్పుడు తమాషా చూడండి. ఈ పాత రియాసత్ వెనకబడి ఉందని రాజ్యాంగమే ఒప్పుకుంది, అదీ మూడు సార్లు. మరాఠ్వాడా కోసం 371(2) కింద 1994లో అభివృద్ధి బోర్డు పెట్టారు, 2020 ఏప్రిల్‌లో దాని గడువు ముగిసింది. మనవైపు 371-డి, 1973 నాటి 32వ సవరణ. లోకల్, నాన్ లోకల్ లెక్క అక్కడి నుంచే వచ్చింది. 2018 ఉత్తర్వుతో తెలంగాణలో 95 శాతం ఉద్యోగాలు లోకల్‌కే. బీదర్, కలబురగి వైపు 371-జె, 98వ సవరణ, 2012. దానితో వాళ్లకు ప్రత్యేక బోర్డు, చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్. ఒకే పాత ఇంటికి ఒకే నెంబర్ మీద మూడు తాళాలు వేశారు. ఏ తాళం చెవీ ఇంకో తాళానికి పట్టదు.

ప్రతి తాళం వెనక న్యాయమైన కారణం ఉంది. ముల్కీ హక్ కోసం మన పెద్దలు కొట్లాడారు, నేను దాన్ని తీసేయమనడం లేదు. నా సవాల్ వేరు. ఈ మూడు తాళాల వాళ్లు ఎప్పుడైనా ఒక్కచోట కూర్చుని మాట్లాడుకున్నారా? అందుకోసం 1956 చట్టమే జోనల్ కౌన్సిళ్లను పెట్టింది. కానీ తెలంగాణ, కర్ణాటక సదరన్ కౌన్సిల్‌లో ఉంటే మహారాష్ట్ర వెస్టర్న్ కౌన్సిల్‌లో ఉంది. అంటే జహీరాబాద్, బీదర్, లాతూర్ మూడూ ఒకే కౌన్సిల్ మేజా కిందికి రావు.

మేజా అంటే నాకు ఒక దూరపు సముద్రం గుర్తొస్తుంది. మధ్యధరా సముద్రం, మన కితాబుల్లో బహ్రె-రూమ్. ఒక ఒడ్డున ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్. ఇంకో ఒడ్డున మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, ఈజిప్ట్. తూర్పున తుర్కీ, లెబనాన్, ఫలస్తీన్, ఇస్రాయెల్. జబాన్ వేరు, మజ్‌హబ్ వేరు, పాత వలస పాలన గాయాలు వేరు. అయినా 1995 నవంబర్‌లో 15 యూరప్ దేశాలు, 12 అవతలి ఒడ్డు భాగస్వాములు బార్సిలోనాలో కూర్చుని తిజారత్, అభివృద్ధి కలిసి చేసుకుందామని ఎలాన్ చేశారు. 2008 జూలై 13న పారిస్‌లో 43 దేశాలతో 'యూనియన్ ఫర్ ద మెడిటరేనియన్' మొదలైంది. దాని దఫ్తర్ బార్సిలోనాలో ఉంది. కుర్చీలో ఎప్పుడూ ఇద్దరు, ఉత్తరం ఒడ్డు నుంచి ఒకరు, దక్షిణం ఒడ్డు నుంచి ఒకరు. మొదట ఫ్రాన్స్, ఈజిప్ట్. మొరాకో, ట్యునీషియా, ఈజిప్ట్, జోర్డాన్ తమలో తాము తిజారత్ పెంచుకోవడానికి 2004లో అగాదీర్ ఒప్పందం చేసుకున్నాయి.

ఇదంతా జన్నత్ అని చెప్పను. 2010 కల్లా సముద్రం చుట్టూ స్వేచ్ఛా వ్యాపారం అన్నారు, కాలేదు. అదే 2010లో నీళ్ల మీద పెద్ద ఒప్పందం కోసం కూర్చుని, 'ఆక్రమిత ప్రాంతాలు' అన్న మాట రాయాలా వద్దా అనే దగ్గర లేచిపోయారు. గాజాకు సముద్రపు నీటిని తీపి చేసే కార్ఖానా కడతామని ఆ సంస్థే 2011లో ముహర్ వేసింది. గాజా దాహం ఎంతవరకు తీరిందో మీరు రోజూ ఖబర్లలో చూశారు. 1989లో ఐదు మగ్రిబ్ దేశాలు తమకంటూ ఒక యూనియన్ పెట్టుకున్నాయి. 1994 నుంచి అల్జీరియా, మొరాకో మధ్య రోడ్డే మూసేశారు, అధినేతల సభ మళ్లీ జరగలేదు. అక్కడా ఒకే జబాన్, ఒకే దీన్, రెండు వైపులా చుట్టాలు ఉన్నారు. అయినా పక్కూరికి పోవాలంటే హవాయీ జహాజ్ ఎక్కాల్సి వచ్చింది.

నాకు దీంట్లో రెండు సబక్‌లు కనిపిస్తాయి. ఒకటి, మేజా ఉన్నంత మాత్రాన ఇన్సాఫ్ రాదు. జుల్మ్ జరుగుతుంటే ఆపే తాకత్ మేజాకు ఉండదు. రెండు, మనం ఒక్కటే అనే జజ్బా కూడా సరిపోదు. చిన్న పని, లెక్క ఉన్న పని, రెండు వైపులా సమానంగా కుర్చీ ఉన్న పని మాత్రమే నిలబడుతుంది.

అలాంటి పని మన పక్కనే ఒకటి జరిగింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పేద ఔరతులు, ఎక్కువగా దళిత ఔరతులు, ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. 1990ల మధ్యలో రేషన్ దుకాణ్‌లో బియ్యం తప్ప ఏమీ దొరకనప్పుడు వీళ్లు పడావు పడిన చెల్కలను సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊరి గింజను ఊళ్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. 2008లో మాచునూరులో వాళ్లే సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ఇనామ్ వచ్చింది. చదువు రాని ఔరతులు విత్తనాల లెక్క, గింజల లెక్క, అప్పుల లెక్క ముప్పై నలభై ఏళ్లుగా నడుపుతున్నారు.

మనం ఆ సంఘాల పక్కనే బతుకుతూ వాటి నుంచి ఏం నేర్చుకున్నాం? కొంచెం చేదుగా ఉంటుంది, మాఫ్ చేయండి. మన మహల్లాల్లో చిట్టీలు ఉన్నాయి, బైతుల్‌మాల్ ఉంది, ఖర్జ్-ఎ-హసనా మీద జుమ్మా బయాన్‌లు ఉన్నాయి. కానీ రిజిస్టర్, ఆడిట్, ఔరతులకు కుర్చీ ఉన్న ఇదారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 'హలాల్ మునాఫా' అని బోర్డు పెట్టి మనవాళ్ల బేటీల నగలు మింగేసిన కంపెనీలను చూశాం. లెక్క అడగడం బద్‌గుమానీ అనుకున్నాం కాబట్టి అవి అంత దూరం పోయాయి. ఖర్జ్ ఇచ్చేటప్పుడు రాసుకోమని ఖుర్ఆన్ చెప్పింది. మనం రాసుకోలేదు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, ఈ ప్రాంతానికి పెద్ద సొమ్ము వస్తోంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాలకు పైగా నిమ్జ్ అన్నారు. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ జహీరాబాద్‌ను కొత్త పారిశ్రామిక నగరాల జాబితాలో చేర్చింది. జమీన్ పోయేది మన పక్క ఊళ్లది. మజ్దూర్లు బీదర్ నుంచీ వస్తారు, లాతూర్ నుంచీ వస్తారు. కిరాయి ఇళ్లు, పిల్లల బడులు, రేషన్, దవాఖానా, అన్నీ సర్హద్ మీది సవాళ్లే అవుతాయి. మంజీరా సంగతి సరేసరి. బీడ్ జిల్లాలో పుట్టి, లాతూర్, బీదర్ తిరిగి, మన సింగూరు నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే 724 కిలోమీటర్ల నది అది. పైన వదిలే మురికి కింద తాగేవాడికి చేరుతుంది. నీళ్ల వాటా 1980లో ట్రిబ్యునల్ పంచింది. ఆ నీటి సాఫ్‌దనం గురించి మూడు వైపుల వాళ్లు కలిసి కూర్చోవద్దా?

కాబట్టి నా తజ్వీజ్ మూడు ముక్కల్లో చెబుతాను.

మొదటిది, సంగారెడ్డి, కామారెడ్డి, బీదర్, లాతూర్ జిల్లాల కలెక్టర్లు ఏడాదికి రెండు సార్లు కూర్చోవాలి. ఒకసారి ఇటు, ఒకసారి అటు. కొత్త చట్టం అక్కర్లేదు, ఇరాదా చాలు. ఎజెండా పెద్దది వద్దు. మండీ భావ్‌లు, వలస మజ్దూర్ల రేషన్, నది మురికి, సరిహద్దు బస్సులు. ఇంతే.

రెండవది, నిఖా అయి సర్హద్ దాటిన ఔరతుల మసలా. లోకల్ కోటా తీసేయమనడం లేదు. భర్త ఊళ్లో ఇన్నేళ్లు కాపురం ఉంటే లోకల్‌గా లెక్కించాలి అనే ఒక షర్త్ పెట్టొచ్చు. ఇది ముస్లింల డిమాండ్ మాత్రమే కాదు. కన్నడ ఇంటి నుంచి తెలుగు ఇంటికి వచ్చిన లింగాయత్ కోడలికి, మరాఠా కోడలికి, లంబాడీ కోడలికి ఇదే తక్లీఫ్. వాళ్లతో కలిసి అడిగితేనే వినపడుతుంది. మన ఎమ్మెల్యే, ఎంపీ దగ్గరికి పోయే వఫ్ద్‌లో ఈసారి టోపీలతో పాటు తలపాగాలు, పైట కొంగులు కూడా ఉండాలి.

మూడవది మన చేతిలో ఉన్నది. 2002 నాటి మల్టీ స్టేట్ కోఆపరేటివ్ సొసైటీల చట్టం ఉంది. ఒక్కో రాష్ట్రం నుంచి కనీసం 50 మంది దస్త్ఖత్ చేస్తే రెండు రాష్ట్రాల వాళ్లు కలిసి సహకార సంఘం పెట్టుకోవచ్చు. రాయికోడ్, జహీరాబాద్ నుంచి 50 మంది, బీదర్ నుంచి 50 మంది అద్రక్, ఆలుగడ్డ పండించే రైతులు మనకు దొరకరా? ముస్లింలే ఉండాలని కూడా లేదు. కలిసి అమ్మితే దలాల్ దగ్గర కొంచెం గొంతు పెరుగుతుంది. అయితే మొదటి రోజు నుంచే ఆడిట్, బయటి నుంచి డిపాజిట్లు తీసుకోవద్దు, పాలకవర్గంలో సగం ఔరతులు. ఈ మూడు షర్తులు లేకపోతే అసలు మొదలే పెట్టవద్దు, మళ్లీ ఎవరి నగలో పోతాయి.

"సియాసత్ వాళ్లు ఇవన్నీ కానిస్తారా భాయ్?" అని కొందరు అంటారు. జంగ్‌లో ఉన్న దేశాలు కూడా బార్సిలోనాలో ఒకే మేజా దగ్గర కూర్చున్నాయి. మన మధ్య జంగ్ లేదు, దుష్మనీ లేదు. ఉన్నదల్లా మూడు రాష్ట్ర రాజధానులకు మనం చివరి ఊళ్లం కావడమే. హైదరాబాద్ నుంచి చూసినా, బెంగళూరు నుంచి చూసినా, ముంబయి నుంచి చూసినా మనం అంచున కనిపిస్తాం. మనకు మనం మధ్యలో ఉన్నాం.

మా రిష్తేదారుల అమ్మాయి ప్రస్తుతం ఇంట్లోనే పక్క పిల్లలకు ఉర్దూ, లెక్కలు చెబుతోంది. పదకొండు మంది వస్తున్నారు. పోయిన జుమ్మా రోజు వాళ్లింటికి పోతే బ్లాక్‌బోర్డు మీద మంజీరా పటం గీసి ఉంది. బీదర్‌కు ఒక చుక్క, రాయికోడ్‌కు ఒక చుక్క పెట్టింది. మధ్యలో గీత గీయలేదు. "మరిచిపోయావా?" అని అడిగాను. "నదిని గీస్తున్నా కదా భాయ్, గీత ఎందుకు?" అంది.