పాత ఇంటికి కొత్త గార

క్రిస్మస్ దగ్గరపడుతోందంటే కొత్తపట్నంలో విశ్వాసుల ఇళ్లకు సున్నాలు, రంగులు పడతాయి. ఈమధ్య రంగులతో ఆగడం లేదు. ముప్పై నలభై ఏళ్ల క్రితం తల్లిదండ్రులు రూపాయి రూపాయి కూడబెట్టి కట్టుకున్న స్లాబు ఇళ్లను, ఒంగోలులో కొనుక్కున్న పాత అపార్ట్‌మెంట్ ఫ్లాట్లను పిల్లలు కొత్తగా చేయిస్తున్నారు. మంచిదే. సముద్రం పక్క ఊళ్లో ఇంటికి మరమ్మతు తప్పదు కూడా. గాలి మోసుకొచ్చే ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, స్లాబు పగిలి పెచ్చులూడుతుంది. ఉప్పు ఇసుకతో కట్టిన ఇంటికైతే ఈ జబ్బు పుట్టుకతోనే వస్తుంది. పైన ఎన్ని రంగులు వేసినా లోపలి తుప్పు ఆగదు.

అయితే ఎక్కడిదాకా కూల్చాలి, ఎక్కడ ఆగాలి? దీనికి పరిశుద్ధ గ్రంథంలో జవాబు ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటికి పుట్టే కుష్ఠుపొడ గురించి ఉంది. ప్రసంగాలకు ఎవరూ ఎంచుకోని వాక్యభాగమది. గోడల మీద పచ్చగానో ఎర్రగానో చారలు కనబడి, అవి లోతుకు దిగినట్టుంటే యజమాని యాజకునికి తెలియజేయాలి. యాజకుడు లోపలికి రాకముందే సామానంతా బయట పెట్టించాలి. ఇల్లు అపవిత్రమని తేలితే ఆ ఇంటివారి చాపా చెంబూ కూడా దానితోపాటు పోకూడదు గదా! చూశాక కూల్చమని వెంటనే చెప్పడు. ఏడు రోజులు ఇల్లు మూయించి మళ్లీ వస్తాడు. పొడ వ్యాపించివుంటే ఆ రాళ్లను మాత్రమే ఊడదీయించి ఊరి వెలుపల పడవేయిస్తాడు. లోపలి గోడలు గీయించి, వేరే రాళ్లు చేర్పించి, కొత్త గార పూయిస్తాడు. ఇంత చేసినా పొడ తిరిగి వస్తేనే కూల్చివేత.

తీర్పు చెప్పేవాడికి కూల్చినందువల్ల కూలి రాదు, కట్టినందువల్ల కమీషను రాదు. ఈ సంగతి మాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మీ ఇంటిని కూడా ముందు పని ఒప్పుకోని ఇంజనీరుకు చూపించండి. సుత్తితో తట్టి, బోలుగా మోగిన చోట పెచ్చు తీసి, చువ్వల తుప్పు గీకి, మందు పూసి, మళ్లీ కాంక్రీటు నింపితే సరిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి.

మన దగ్గర జరిగేది తలకిందులు. తుప్పు పట్టిన స్లాబును వదిలేసి గట్టి గోడను పగలగొడతారు. హాలు పెద్దది కావాలి, లేదా వాస్తు బాగాలేదు! 127వ కీర్తన చదివి గృహప్రతిష్ఠ చేయించుకున్న ఇంటికే వాస్తు చెప్పే ఆయన్ని పిలిపించి, వంటగదిని ఆగ్నేయానికి, గుమ్మాన్ని తూర్పుకు మార్పించే విశ్వాసులు మన సంఘాల్లోనే ఉన్నారు. ఇరుగుపొరుగు వారి నమ్మకాన్ని మేము తప్పుపట్టడం లేదు, వారిది వారికి. ప్రభువు మీద ఆనుకున్నామని సాక్ష్యం చెప్పేవారికి ఈశాన్యం మూల అంటే ఇంత భయమెందుకు? పైగా పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లే ఉండవు, గోడలే స్లాబును మోస్తాయి. ఫ్లాటులోనైతే పిల్లరూ బీమూ మీ ఒక్కరివి కావు, కింద కాపురమున్నవారివీ పైన ఉన్నవారివీ కూడా.

ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా ఉంటున్న తల్లి. మంచం దిగితే ఎన్ని అడుగులకు బాత్రూమ్ వస్తుందో ఆమె కాళ్లకు తెలుసు. కరెంటు పోయినా, చూపు మందగించినా గోడ తడుముకుంటూ వెళ్లి వస్తుంది. మతిమరుపు మొదలైన పెద్దలకు ఇంటి అమరికే సగం జ్ఞాపకం. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చిన కొడుకు ప్రేమతోనే డబ్బు ఖర్చుపెట్టి గదులు అటుదిటు చేయిస్తాడు, అద్దంలా మెరిసే టైల్స్ వేయిస్తాడు. ఆమె సొంతింట్లో చుట్టమైపోతుంది. రాత్రి లేచి గోడ ఉండాల్సిన చోట చెయ్యి చాపితే గోడ ఉండదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ నడుస్తుందన్న నమ్మకం తక్కువ.

పేతురు ఇంట్లోనూ ఒక పెద్దామె ఉండేది, అతని అత్త. జ్వరంతో పడుకున్న ఆమెను ప్రభువు చెయ్యి పట్టి లేవనెత్తాడు (మార్కు 1:29–31). కపెర్నహూములో ఆ ఇల్లు ఇదేనని పూర్వకాలం నుంచి క్రైస్తవులు గౌరవించిన చోట 1968లో ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు కోర్బో, లోఫ్రెదా తవ్వకాలు మొదలుపెట్టారు. అది పేతురు ఇల్లేనని పురావస్తు శాస్త్రం ఒట్టువేసి చెప్పలేదు గానీ, బయటపడింది మాత్రం మన పల్లెపాలెంలో ఉండేలాంటి సామాన్యుల నివాసం. వాకిలి చుట్టూ చిన్న చిన్న గదులు, నల్లరాతి గోడలు. అందులో కాస్త పెద్దదైన ఒక గదికి మొదటి శతాబ్దంలోనే గార పూశారు, తర్వాత మళ్లీ మళ్లీ పూశారు. ఆ గార మీద యాత్రికులు గీసిన రాతలున్నాయి. నాలుగో శతాబ్దంలో మధ్యన కమాను కట్టి కప్పు మార్చారు, గది మాత్రం గదిగానే ఉంది. ఐదో శతాబ్దంలో ఎనిమిది మూలల చర్చి కట్టినప్పుడు కూడా ఆ గది ఉన్న చోటునే నడిమధ్యన ఉంచుకున్నారు.

పాత ఇంటికి కొత్తగా చేర్చవలసినవి లేకపోలేదు. మిద్దె మీదనుంచి ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము (22:8) ఆజ్ఞాపిస్తోంది. పెద్దవారున్న ఇంటికి బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కమ్మీ, కాలు జారని గచ్చు, మంచం మీదనుంచి అందే లైటు స్విచ్చి అలాంటి పిట్టగోడలే. గుమ్మం తిప్పడానికయ్యే ఖర్చు ముందు ఇవెంత? తాపీ పని మొదలుపెట్టే ముందు మేస్త్రిని ఆమె దగ్గర కూర్చోబెట్టి, ఏది ఎక్కడ ఉండాలో ఆమె నోటితోనే చెప్పించండి.